ఇది ఎవడి బండిరా?

ఈసారి ఉత్తరం సికింద్రాబాదు నుంచి. ఆరు పేజీలు, పదకొండు ఫొటోలు. పేరు వద్దన్నారు. వయసు నలభై రెండు, పగలు కంప్యూటర్ల ముందు ఉద్యోగం, రాత్రి భోజనాలయ్యాక ప్లాస్టిక్ మోడళ్లు.

ఆయన నాన్నగారు గోదావరి జిల్లా మనిషి. 1968లో సైన్యంలో చేరి, సైన్యానికి సరుకు చేరవేసే ఆర్మీ సర్వీస్ కోర్‌లో డ్రైవరుగా ఇరవయ్యేళ్లు చేసి, హవల్దారుగా దిగారు. అందులో ఎక్కువ కాలం చేతిలో ఉన్నది శక్తిమాన్ ట్రక్కు, ఎక్కువ తిరిగింది శ్రీనగర్–లేహ్ రోడ్డు. ఇప్పుడు డెబ్బై ఆరేళ్లు. కొడుకు ఆ బండిని 1/35 కొలతలో చేద్దామనుకున్నారు. అంగట్లో తగిన కిట్ కనబడలేదు. కొన్ని భాగాలు 3డి ప్రింట్ చేయించి, మిగతావి ప్లాస్టిక్ షీటు కోసి అతికించి, పద్నాలుగు నెలల్లో జానెడు శక్తిమాన్ తయారు చేశారు. నాన్నగారికి మాటమాత్రం చెప్పలేదు. చివరి మూడు వారాలు వెదరింగ్, అంటే ఎండావానల్లో తిరిగిన బండిలా కనబడేలా చేసే పని: బానెట్ మీదా తలుపుల మీదా పెచ్చులూడిన పెయింటు, బాడీ పొడవునా తుప్పు చారలు, చక్రాల మీదుగా మడ్‌గార్డుల దాకా బురద. బురదకి కాలనీ వెనక ఖాళీ స్థలంలో మట్టి తెచ్చి జల్లించారట. మోడలింగ్ క్లబ్బు మిత్రులు ఫొటోలు చూసి ఆహా ఓహో అన్నారు. ఆరు వారాల్లో ఒక ప్రదర్శన ఉంది, పోటీ కూడా.

దసరా రోజున బండి బల్ల మీద పెట్టి నాన్నగారిని పిలిచారు. ఆయన కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని చాలాసేపు చూసి, “ఇది ఎవడి బండిరా?” అన్నారు. “మీదే నాన్నా” అంటే, “నా బండి ఎప్పుడూ ఇట్టా లేదు” అని లేచి వెళ్లిపోయారు. అసలు గొడవ మర్నాడు పొద్దున్న. ఈయన లేచి వచ్చేసరికి నాన్నగారు తడిగుడ్డతో బండిని తుడుస్తున్నారు. ముందు అద్దం, లైట్లు, నంబరు ప్లేటు తుడవడం అయిపోయింది, బంపరు సగంలో ఉంది. కుడివైపు అద్దం కాడ విరిగింది. ఈయన నోరు జారారు: “మీకు కళ అర్థం కాదు నాన్నా, ఇది మీ ఎం.టి. పార్కు కాదు.” (సైన్యంలో బండ్లు నిలిపే చోటు అది.) పెద్దాయన గుడ్డ అక్కడ పెట్టి వెళ్లిపోయారు. పందొమ్మిది రోజులైంది. మాట్లాడుతున్నారు, తింటున్నారు, పేపరు చదువుతున్నారు. ఆ గదిలోకి మాత్రం రావడం లేదు.

భార్య అంటున్నారట, మొత్తం కడిగేసి కొత్తగా పెయింటు వేసి ఆయన చేతిలో పెట్టండి అని. మిత్రులు అంటున్నారట, పెద్దవాళ్లకి ఇవి తెలియవు, తుడిచినచోట మళ్లీ వేసి పోటీకి పంపు అని. “నేను ఎవరి మాట వినాలి? నేను ఆయనకి చేసింది గౌరవమా, అవమానమా?” అని ముగించారు. కింద చిన్న అక్షరాలతో ఇంకో ప్రశ్న: వానాకాలంలో కొట్టిన మ్యాట్ వార్నిష్ ఎడమ తలుపు మీద తెల్లగా పొగబారింది, పోతుందా?

*

అయ్యా, ముందు ఒక సంగతి ఒప్పుకుంటాను. మీ ఫొటోలు చూసి నేనూ ఆహా అన్నవాణ్నే. ఆ తుప్పు చారలు చేయి తిరిగినవాడు తప్ప వేయలేడు. కాబట్టి మీ పనితనం మీద నాకు సందేహం లేదు. సందేహమల్లా ఆ తుప్పు ఆ బండిదేనా అన్నదాని మీద.

నేనూ ఈ పని చేసినవాణ్నే. చాలా ఏళ్ల కిందట ఒక జీపు చేసి, ఒళ్లంతా తుప్పు పట్టించి, మా వీధి చివర షెడ్డులో మెకానిక్‌కి గొప్పగా చూపించాను. అతను వేళ్లకున్న గ్రీజు తుడుచుకుని, రెండు చేతులా అందుకుని, తిప్పి తిప్పి చూసి, “సముద్రంలోంచి తీశారా సార్?” అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. మాది విశాఖ. ఉప్పుగాలికి ఏ ఇనుము ఎక్కడ కుళ్లుతుందో అతనికి తెలుసు. నేను కుళ్లించిన చోట్లు అవి కావు.

మోడలింగులో మనకి అలవాటైపోయిన ఒక పొరపాటు ఉంది. మురికి అంతా ఒక్కటే అనుకుంటాం. డ్రైవరుకి అలా కాదు. దుమ్ము దారిది. బురద వాతావరణానిది. ఫుట్‌బోర్డు మీద పెయింటు అరిగిందంటే వేల సార్లు ఎక్కి దిగిన బూట్లది. డీజిల్ ట్యాంకు మూత కింద నల్లటి మరక తొందరలో నూనె పోసిన చేతిది. వీటికి ఏ కమాండింగ్ ఆఫీసరు సాబూ డ్రైవరుని తిట్టడు. మరి తుప్పు? అది మాత్రం డ్రైవరుదే. పెయింటు లేచినచోట గీకి, బ్రష్షుతో పచ్చరంగు పూయాల్సినవాడు పూయలేదని అర్థం. మీరు బల్ల మీద పెట్టింది పాత బండి అనుకున్నారు. ఆయనకి కనబడింది తన మీద చార్జిషీటు.

ఇంకో సంగతి. మీరు రాశారు గానీ దాని మీద ఆగలేదు. ఆయన ఏ వరసలో తుడిచారో చూడండి: అద్దం, లైట్లు, నంబరు ప్లేటు, ఆ తర్వాత బంపరు. మోడల్ పాడుచేయాలనుకున్నవాడు, చాదస్తంతో మురికి తుడిచేవాడు, అలా తుడవడు. పైనుంచి కిందికి తుడుస్తాడు, లేకపోతే ఎక్కువ మురికి ఉన్నచోట మొదలుపెడతాడు. ఇది కాన్వాయ్ ఆగినప్పుడు, మళ్లీ బయల్దేరేలోపు డ్రైవరు తుడిచే వరస. ముందు దారి కనబడాలి, తర్వాత వెనకవాడికి మనం కనబడాలి, తర్వాత చెక్‌పోస్టులో నంబరు కనబడాలి. పొద్దున్నే లేచి బండి దగ్గరికి వెళ్లి ఇవన్నీ చూసుకోవడాన్ని సైన్యంలో ఫస్ట్ పరేడ్ అంటారు. దసరా మర్నాడు పొద్దున్న మీ ఇంట్లో జరిగింది అదేనని నా అనుమానం. “ఎవడి బండిరా” అన్న మనిషే తెల్లారేసరికి దాన్ని తన బండిగా ఒప్పుకున్నారు. సరిగ్గా అప్పుడే మీరు “ఇది మీ ఎం.టి. పార్కు కాదు” అన్నారు.

ఇక మీ మిత్రుల మాట కూడా వినాలి. వాళ్లూ తెలివితక్కువవాళ్లేం కాదు. శుభ్రంగా ఒకే రంగు వేసిన చిన్న బండి బొమ్మలా ఉంటుంది, అది నిజం. అసలు ట్రక్కు తలుపు సందులో ఎండకి నీడ పడుతుంది. 35 వంతులకి తగ్గించిన సందులో ఆ నీడ కంటికి ఆనదు. అందుకే పల్చటి ముదురు రంగు సందుల్లోకి దించి నీడని మనమే గీస్తాం. ఎండకి వెలిసిన బానెట్ పైభాగం కొంచెం లేతగా, కింది భాగం ముదురుగా వేస్తాం. ఇదంతా వెదరింగ్ లెక్కలోకే వస్తుంది గానీ ఇందులో మురికి లేదు, ఉన్నది వెలుతురు. మీ నాన్నగారికి ఈ సగంతో పేచీ ఉండదు. ఆయన తుడిచినచోట కూడా సందుల్లోకి దించిన ఆ పల్చటి రంగు అలాగే ఉంది, మీ ఏడో ఫొటోలో కనబడుతోంది. ఆయన పేచీ మిగతా సగంతో. అందులో ఆయన వాదన చాలావరకు నెగ్గుతుంది, కొలతల లెక్కలోనే నెగ్గుతుంది.

స్కేలు పక్కన పెట్టి మీ బానెట్ చూడండి. పెయింటు లేచిన మచ్చ ఒక్కోటి నువ్వుగింజంత ఉంది, అంటే సుమారు 3 మిల్లీమీటర్లు. 35తో గుణిస్తే పది సెంటీమీటర్లు పైమాటే, దాదాపు మనిషి అరచేయి వెడల్పు. బానెట్ మీద అలాంటివి పన్నెండు లెక్కపెట్టాను. అరచేయంత పెచ్చులు పన్నెండు లేచిన బండి రోడ్డు మీదికి రాదు, వర్క్‌షాపుకి పోతుంది. మడ్‌గార్డు కింద బురద 2 మిల్లీమీటర్ల మందం ఉంటే అసలు బండి మీద ఏడు సెంటీమీటర్లన్నమాట. జల్లించిన మట్టి సంగతీ అంతే. పల్చటి గుడ్డలో వడగట్టినా రేణువు 0.2 మిల్లీమీటర్లు ఉంటే, బండికి 7 మిల్లీమీటర్ల కంకర అంటుకున్నట్టు. అసలైన మట్టి వాడితే అసలుగా ఉంటుందనుకుంటాం. చిన్న కొలతలో అన్నిటికంటే అబద్ధంగా కనబడేది అదే. దుకాణంలో దొరికే పిగ్మెంట్ (రంగు) పొడి అంత మెత్తగా ఉండేది ఇందుకే.

పైగా అది మన ఎర్రమట్టి. బండి తిరిగింది లేహ్ రోడ్డు.

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, మీ చిక్కు సగం ఈ రోడ్డు మీదే విడిపోతుంది. శ్రీనగర్ నుంచి లేహ్‌కి సుమారు 434 కిలోమీటర్లు. సోన్‌మర్గ్ దాటి బాల్‌తల్ దగ్గర ఎక్కడం మొదలుపెడితే జోజిలా కనుమ, 3,500 మీటర్ల పైచిలుకు. ఆ కశ్మీరు వైపు తడి: మంచు కరిగిన నీళ్లు రోడ్డుకి అడ్డంగా పారతాయి, బురద నల్లగా, జారుడుగా ఉంటుంది. కనుమ దాటి ద్రాస్ వైపు దిగాక లోకం మారిపోతుంది. కార్గిల్, నమికలా, ఆపైన 4,100 మీటర్ల ఫోతులా, అన్నీ ఎండిన కొండలే. లేహ్‌లో ఏడాదికి పడే వాన, మంచు అన్నీ కలిపి సుమారు 100 మిల్లీమీటర్లు. మన హైదరాబాదులో దానికి ఏడెనిమిది రెట్లు పడుతుంది. తుప్పు పట్టడానికి తేమ కావాలి కదా, అక్కడ తేమ ఎక్కడిది? అక్కడుండేది దుమ్ము. బూడిదరంగు, ఇసుకరంగు కలిసిన మెత్తటి దుమ్ము. కాన్వాయ్‌లో ముందు బండి లేపింది వెనక బండి అద్దం మీద పడుతుంది.

కాబట్టి లేహ్ చేరిన శక్తిమాన్ మీద పొరలు ఒక వరసలో ఉంటాయి. అడుగున, చట్రానికీ కమాను కట్టలకీ ఎండి గట్టిపడ్డ ముదురు బురద. దాని మీద, పైన పట్టా దాకా, లేత దుమ్ము. వైపరు తిరిగిన మేర విసనకర్రలా శుభ్రమైన అద్దం. లైట్లు, నంబరు ప్లేటు గుడ్డపెట్టి తుడిచినట్టు. చివరి వాక్యం ఇంకోసారి చదవండి. మీ నాన్నగారు తడిగుడ్డతో మీ మోడల్ మీద వేసిన వెదరింగ్ అదే. మొత్తం బండి మీద లేహ్ రోడ్డుకి సరిపోయేది ప్రస్తుతానికి అదొక్కటే.

ఇప్పుడు మీ ముందున్న దారులు. ఏది పట్టాలో నేను చెప్పను. ఒక్కోదానికి ఎంత ఖర్చవుతుందో మాత్రం చెబుతాను.

తుడిచినచోట మళ్లీ మురికి వేసి పోటీకి పంపొచ్చు. రెండు సాయంత్రాల పని. బహుమతి కూడా రావచ్చు, దూరం నుంచి చూస్తే బండి కన్ను లాగుతుంది. కానీ మీ పోటీ న్యాయనిర్ణేతల్లో ఒక్కడైనా లేహ్ వైపు తిరిగినవాడుంటే నేను పైన వేసిన లెక్కలే వేస్తాడు. అది చిన్న సంగతి. ఆయన తుడిచినచోటే మీరు మళ్లీ మురికి పూశారని ఆయన చూస్తారు. గదిలోకి రాకపోయినా చూస్తారు. ఇరవయ్యేళ్లు కాన్వాయ్‌లో నడిపినవాళ్లు వెనక అద్దం చూడకుండా ఉండలేరు.

మీ ఆవిడగారు చెప్పినట్టు మొత్తం కడిగేయొచ్చు. ఆమె మనసు మంచిదే, పెయింటు సంగతే తిరకాసు. మీరు వాడింది యాక్రిలిక్ అన్నారు. దాన్ని తీసే ఆల్కహాల్ ప్రింట్ చేసిన రెసిన్‌ని ఎక్కువసేపు నానబెడితే మెత్తబరచొచ్చు. సన్నటి కాడలు, చేత్తో గీసిన గుర్తులు దక్కవు. అదృష్టం బాగుండి అంతా సజావుగా జరిగినా చేతికొచ్చేది నిగనిగలాడే కొత్త బండి. అది జనరల్ సాబ్ ఇన్‌స్పెక్షన్‌కి వచ్చిన రోజు బండి. ఆ ఒక్కరోజు కోసం టైర్లకి నల్లపాలిష్ కొట్టించేవారని మీ ఉత్తరంలో మీ నాన్నగారే నవ్వుతూ చెప్పినట్టు రాశారు కదా. ఆయన నడిపింది మిగతా రోజుల బండిని. పైగా కోపంతో కడిగిన బండి ఇచ్చే చేతుల్లోనే తెలిసిపోతుంది.

మూడో దారి: కొత్తగా ఇంకో బండి చేస్తాను, ఇది నాకు, అది ఆయనకి అనొచ్చు. చాలామంది ఈ సలహా ఇస్తారు, వినడానికి న్యాయంగా ఉంటుంది. మొదటిదానికి పద్నాలుగు నెలలు పట్టింది, ఆయనకి డెబ్బై ఆరు. ఇంతకంటే చెప్పను.

నాలుగోది ఉన్నదాన్ని వెనక్కి నడపడం. తుప్పుని ఉపసంహరించి, దుమ్ముని వేసి, ఆయన మొదలుపెట్టిన చోట నుంచి కొనసాగించడం. నా మొగ్గు ఇటే, దాచడమెందుకు. అయితే దీనికీ ఖర్చుంది. మీరు బాగా కుదిరాయనుకున్న తుప్పు చారలు, మూడు వారాల పని, ఎనభై పాళ్లు పోతుంది. ఈ డిసెంబరులో బహుమతి కూడా పోవచ్చు. దుమ్ము ఫొటోల్లో తుప్పంత నాటకీయంగా కనబడదు. అదీగాక, చేసిన తర్వాత కూడా ఆయన “ఊఁ” అని ఊరుకోవచ్చు. దానికి సిద్ధపడి చేయాలి.

చేయదలచుకుంటే పని ఇలా ఉంటుంది. బురద పొడిని దేనితో అంటించారో గుర్తు తెచ్చుకోండి. ఎనామెల్ థిన్నర్‌తో అంటించి, పైన వార్నిష్ కొట్టకపోతే, అదే థిన్నర్‌లో ముంచి పిండిన బ్రష్‌తో తడిపి పైకి లాగితే చాలావరకు వచ్చేస్తుంది. కింద యాక్రిలిక్ రంగుకి ఏమీ కాదు. పొరపాటున డబ్బా మారి లాకర్ థిన్నర్ తీశారో, రంగు, ప్రైమరు, మీ పద్నాలుగు నెలలు అన్నీ కలిసి బ్రష్‌కి వస్తాయి. ముందు చట్రం అడుగున ఎవరికీ కనబడనిచోట ప్రయత్నించండి. వార్నిష్ కింద పడిపోయిన తుప్పు చారలు థిన్నర్‌కి లొంగవు. వాటి మీద పల్చగా అసలు పచ్చరంగు కొట్టుకోవాలి.

పెచ్చుల సంగతి నాకు ఇష్టమైన భాగం. వాటిని మాయం చేయొద్దు. మీ ఆలివ్ గ్రీన్‌లో ఒక చుక్క లేతరంగు కలిపి, సన్నబ్రష్‌తో ఒక్కో మచ్చనీ కప్పండి, అంచులు కొంచెం దాటేలా. మూల రంగుతో సరిగ్గా కలవకూడదు. అప్పుడు అవి పెచ్చులు కావు, డ్రైవరు స్వయంగా బ్రష్‌తో వేసుకున్న టచప్ మచ్చలు. యూనిట్‌కి ఏ డబ్బా వస్తే ఆ పచ్చ, కింద పాత పచ్చ, రెండూ ఎండలో వేరువేరుగా వెలుస్తాయి. నిర్లక్ష్యానికి గుర్తుగా ఉన్న మచ్చ శ్రద్ధకి గుర్తవుతుంది, అదే స్థలంలో, అదే సైజులో. రెండు మూడు చిన్న గీతలు మాత్రం టెయిల్‌బోర్డు (వెనక దించే పలక) అంచున, ఫుట్‌బోర్డు మీద, తలుపు పిడి చుట్టూ ఉండనివ్వండి. అక్కడ తుప్పురంగు వద్దు, మెత్తటి 6బి పెన్సిలు ములుకు రుద్దితే అరిగి మెరిసే ఇనుములా వస్తుంది. తుప్పు ఉండే హక్కు ఒక్క సైలెన్సర్ గొట్టానికే ఉంది. వేడికి అక్కడ మామూలు పెయింటు నిలవదు, దాన్ని ఏ ఇన్‌స్పెక్షనూ అడగదు.

దుమ్ము చివర. టైర్ల పక్కలు నల్లగా ఉంచొద్దు, అన్నిటికంటే ముందు బూడిదబారేది అవే. చక్రాల మధ్య హబ్బు దగ్గర కొంచెం నూనె ఊరి, దాని మీద దుమ్ము పట్టి ముదురుగా ఉంటుంది. ఒక్క చుక్క చాలు. వైపరు మేర కాగితం కత్తిరించి అద్దానికి అంటించి, ఆపైన దుమ్ము కొట్టండి.

ఎడమ తలుపు పొగబారడం తేమ వల్లే. వాన గాలిలో మ్యాట్ వార్నిష్ కొడితే అలా తెల్లబోతుంది. చాలాసార్లు దాని మీద నిగనిగలాడే క్లియర్ వార్నిష్ ఒక పల్చటి పొర కొడితే తెలుపు కరిగిపోతుంది, ఆరాక మళ్లీ మ్యాట్ కొట్టుకోవచ్చు. పొడిగా ఎండ కాసే రోజు, మధ్యాహ్నం పూట, పల్చగా రెండుసార్లు. ఆ పొగ కొంచెం మిగిలినా కంగారు పడొద్దు, దుమ్ములో కలిసిపోతుంది.

ఇక చెప్పాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించిన సంగతి. మూడో పేజీలో మీరు ఒక్క వాక్యం రాశారు: చిన్నప్పుడు ఎప్పుడో ఒకసారి, కాన్వాయ్‌లో తన ముందు బండి లోయలోకి పోయిందని ఆయన చెప్పారని, మళ్లీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదని. ఇది నా ఊహే, తప్పయితే వదిలేయండి. ఆ కొండదారుల్లో నడిపినవాళ్లకి ఒళ్లంతా తుప్పు పట్టిన ట్రక్కు ఎక్కడ కనబడుతుంది? నడిచే బండి తుప్పు పట్టదు, పట్టనివ్వరు. తుప్పు పట్టేది పైకి రాని బండి. తీయడానికి వీల్లేక లోయ అడుగున వదిలేసినది, ఏటేటా మంచు కింద మునిగి తేలేది. పైనుంచి వెళ్లిన ప్రతిసారీ కిందకి చూసేది. మీరు ఆయన ముందు బల్ల మీద పెట్టిన బండి ఆయనకి ఎలా కనబడిందో మీకూ నాకూ తెలియదు. ఆయన్ని ఆ సంగతి అడగమని నేను చెప్పడం లేదు. అడక్కండి. ఆయనంతట ఆయన చెబితే వినండి. తుడవడానికి అంత తొందర ఎందుకు పడ్డారో మాత్రం మనసులో పెట్టుకోండి.

గౌరవమా, అవమానమా అని అడిగారు. చేసింది గౌరవమే. అన్న మాట అవమానం. ఒకటి బల్ల మీద ఉంది, ఇంకొకటి గాలిలో ఉంది, దీన్ని బాగుచేస్తే అది దానంతటదే బాగుపడదు. “కళ అర్థం కాదు” అన్న మాటకి క్షమాపణ మోడల్‌తో చెప్పించకండి, నోటితోనే చెప్పండి, మోడల్ ముట్టుకోకముందే చెప్పండి. పెద్ద ఉపన్యాసం అక్కర్లేదు. “ఆ రోజు అలా అనకుండా ఉండాల్సింది నాన్నా” అంటే చాలు. మన ఇళ్లలో తండ్రులు దానికి జవాబు చెప్పరు. “కాఫీ తాగావా?” అంటారు. అది జవాబే.

ఆ తర్వాత “ఎలా ఉంది నాన్నా?” అని అడక్కండి. అది మార్కులు వేయమన్నట్టుంటుంది, ఆయన ఒకసారి వేసేశారు. డ్రైవరుని అడగాల్సినవి అడగండి. జోజిలా ఎక్కేటప్పుడు బురద ఎంతదాకా చిమ్మేది? కార్గిల్‌లో రాత్రి ఆగితే పొద్దున ముందు ఏం చూసేవారు? పట్టా తాళ్లు ఏ వైపు ముడి వేసేవారు? ఒక్కసారి ఒక్క ప్రశ్న. బండి ఆయన ముందుకు తీసుకెళ్లొద్దు, మీరే ఆయన కుర్చీ పక్కన కూర్చుని కాగితం మీద గీసుకోండి. గీత తప్పుగా గీయండి కావాలంటే. తప్పు గీత చూసి ఊరుకునే హవల్దారు ఇంకా పుట్టలేదు. ఆయనకి ఒక కంటికి ఇంకా శుక్లం ఆపరేషన్ కాలేదని రాశారు. అలాంటి కంటికి రంగులు పసుపుబారి కనబడతాయి, రాత్రి ట్యూబులైటు కింద పచ్చ ఏదో గోధుమ ఏదో తేల్చుకోలేరు. రంగు సంగతి వస్తే పగటి వెలుతురులో, కిటికీ దగ్గర చూపించండి.

ఆయన రాకపోతే? ప్రశ్నలకి ముక్తసరిగా సమాధానం చెప్పి పేపరు ఎత్తుకుంటే? అదీ జరగొచ్చు. అప్పుడు బండిని మీకు తెలిసినంతలో సరిచేసి ఊరుకోండి. ప్రదర్శనకి పంపాలా అన్నది కూడా అప్పుడే తేల్చుకోవచ్చు, పేరు ఇవ్వడానికి ఇంకా గడువుందన్నారు. ఒకటి మాత్రం: పంపితే ఆయనకి చెప్పి పంపండి. ఆయన బండి ఆయనకి తెలియకుండా ఒకసారి తయారైంది, అది చాలు.

విరిగిన అద్దం కాడ ప్లాస్టిక్‌తో మళ్లీ చేయకండి, మళ్లీ విరుగుతుంది. పాత వైరులోంచి అర మిల్లీమీటరు రాగితీగ తీసి, రెండు వైపులా చిన్న రంధ్రం వేసి గుచ్చి, సూపర్ గ్లూ ఒక్క చుక్క. అద్దం ఏ కోణంలో ఉండాలో ఇప్పుడే తేల్చేయకండి.

ఇంకొకటి. నంబరు ప్లేటు మీద నంబరు “ఏదో ఊహించి వేశాను” అన్నారు. సైన్యం ప్లేటు పద్ధతి మీరు సరిగ్గానే పట్టారు: పైకి చూసే బాణం గుర్తు, తర్వాత బండి సైన్యంలోకి వచ్చిన ఏడాది చివరి రెండంకెలు, ఒక అక్షరం, వరస నంబరు. కానీ నంబరు మాత్రం ఊహించారు. తడిగుడ్డతో ఆయన ఆ ప్లేటే తుడిచారు, తుడిచి చదివే ఉంటారు. నాకు తెలిసిన ఒక రిటైర్డు డ్రైవరు మనవరాలి పుట్టినరోజు మర్చిపోతాడు, 1974లో నడిపిన బండి నంబరు నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. ఇప్పుడున్న అంకెల మీద ప్లేటు రంగే వేసి ఖాళీగా ఉంచండి. తెల్లరంగు సీసా, అతి సన్నటి 000 బ్రష్ దగ్గర పెట్టుకుని, కాఫీ అయ్యాక అడగండి, “నాన్నా, మీ బండి నంబరెంత?”